ఎవరూ వేయని వకాలత్

ఆదిలాబాద్: "చేసింది వాడేనని ఊరంతా ఎరుకే. గసొంటోనికి సుత వకీలెందుకు?" ఘోరమైన నేరం జరిగిన ప్రతిసారీ మన పల్లెల్లో గ్రామపంచాయితీ గద్దె మీద, చాయ్ హోటళ్ళ ముందు వినవచ్చే ప్రశ్న ఇది. పనిలో పనిగా వకీళ్ళ కులానికంతటికీ నాలుగు అక్షింతలు పడతాయి. పైసలిస్తే దయ్యం తరఫున కూడా నల్లకోటు వేసుకుని నిలబడతారని ఒకరంటే, మరొకరు తలూపుతారు.

ఈ ప్రశ్నను చదువురానివారి మాట అని కొట్టిపారేయటానికి వీలులేదు. చదువుకున్నవారూ అడుగుతారు. కొన్నిసార్లు వకీళ్ళే అడుగుతారు. 2019 చలికాలంలో ఆదిలాబాద్ కోర్టులో అదే జరిగింది.

ఆ సంవత్సరం నవంబరు 24న కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఒక దళిత మహిళపై అత్యాచారం చేసి, ఆమెను హత్య చేశారు. ఊరూరా తిరిగి చిన్న సామాన్లు అమ్ముకుని పిల్లలను పోషించుకునే ఇల్లాలు ఆమె. ఇటువంటి కేసుల్లో బాధితురాలి పేరు బయటపెట్టరాదు కనుక 'సమత' అని వేరే పేరు పెట్టారు. పోలీసులు కొద్ది రోజుల్లోనే ముగ్గురిని అరెస్టు చేశారు.

సరిగ్గా ఆ వారంలోనే హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలిపై అటువంటి అఘాయిత్యమే జరిగింది. 'దిశ' కేసుగా అది దేశమంతటా మారుమోగింది. పట్నాల్లో కొవ్వొత్తులు వెలిగాయి. ఎక్కడో అడవి అంచున చనిపోయిన పేదరాలిని మాత్రం పట్టించుకునేవారు తక్కువైనారన్న బాధ ఆదిలాబాద్ ప్రాంతంలో బలంగా వుండేది. అది న్యాయమైన బాధే.

డిసెంబరు 6 తెల్లవారుజామున దిశ కేసులోని నలుగురు నిందితులు షాద్‌నగర్ సమీపాన చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చాలామంది టపాసులు కాల్చారు, పోలీసుల మీద పూలు చల్లారు. అంతకు ముందే షాద్‌నగర్ న్యాయవాదులు ఆ నలుగురి తరఫున ఎవరూ వాదించరాదని నిర్ణయించుకుని వున్నారు. సమత కేసులోనూ అటువంటి 'న్యాయమే' కావాలన్న కేకలు మన ప్రాంతంలో వినిపించాయి.

ఆదిలాబాద్‌లో అట్లా జరగలేదు. కేసు విచారణకు ప్రత్యేక కోర్టు ఏర్పాటయింది. డిసెంబరు 14న పోలీసులు చార్జిషీటు వేశారు. తీరా విచారణ మొదలుపెట్టే సమయానికి ముద్దాయిల తరఫున వకాలత్ వేయటానికి వకీళ్ళు ముందుకు రాలేదు. చివరకు కోర్టే ఒక న్యాయవాదిని నియమించవలసి వచ్చింది. విచారణ సాగింది, సాక్షులను విచారించారు, వాదనలు విన్నారు. 2020 జనవరి 30న కోర్టు ముగ్గురికీ ఉరిశిక్ష విధించింది. నేరం జరిగిన నాటినుంచి తీర్పుదాకా పట్టిన కాలం రెండు నెలల పైన కొన్ని రోజులు మాత్రమే.

కోపం వేరు, కోటు వేరు

వకీళ్ళు ఎందుకు వెనుకాడారో అర్థం చేసుకోవటం కష్టం కాదు. వారూ ఈ ఊళ్ళవారే. వారికీ తల్లులు, అక్కచెల్లెళ్ళు, బిడ్డలు వున్నారు. బస్సు దిగితే పదిమంది పలకరించే చిన్న పట్టణాల్లో బతుకుతున్నారు. ఫలానా రాక్షసుడి తరఫున వాదించాడన్న మాట ఒకసారి పడితే పదేళ్ళు పోదు. మర్నాటి నుంచి కక్షిదారులు గడప తొక్కకపోవచ్చు కూడా.

అయితే ఆ భయానికి, ఆ కోపానికి వకీలు లొంగరాదని ఆ వృత్తి ధర్మం చెబుతున్నది. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చేసింది. తాను పనిచేసే కోర్టులో, తన స్థాయికి, కేసుకు తగిన ఫీజు ముట్టేటప్పుడు వచ్చిన కేసును వకీలు తీసుకోవలసిందే. ఏదైనా ప్రత్యేక కారణం వుంటేనే కాదనవచ్చు. ముద్దాయి తప్పుచేశాడని వకీలుకు సొంతంగా అనిపించినా సరే, అతని పక్షాన నిలబడటం వకీలు విధి. తగిన సాక్ష్యం లేకుండా ఏ మనిషికీ శిక్ష పడరాదని చట్టం కోరుతున్నది కనుక, వకీలు ఆ చట్టానికి కట్టుబడి వుండాలని ఆ నియమం సారాంశం. అరెస్టయిన ప్రతి మనిషికీ తనకిష్టమైన వకీలును పెట్టుకునే హక్కును రాజ్యాంగం 22వ అధికరణంలో ఇచ్చింది. అది మంచివారికి మాత్రమే అని అందులో ఎక్కడా లేదు.

ఒక్కొక్క వకీలు సంగతి అట్లా వుంచి, సంఘమంతా కలిసి తీర్మానం చేస్తే? తమిళనాడులోని కోయంబత్తూరులో వకీళ్ళకూ పోలీసులకూ గొడవ జరిగినప్పుడు ఆ పోలీసుల తరఫున ఎవరూ వాదించరాదని అక్కడి బార్ సంఘం తీర్మానించింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా తేల్చింది: ఇటువంటి తీర్మానాలు చట్టవిరుద్ధం, చెల్లవు, వృత్తి ధర్మానికి పూర్తిగా వ్యతిరేకం. ఎంతటి దుర్మార్గుడనిపించుకున్నవాడికైనా కోర్టులో తన మాట చెప్పుకునే హక్కు వున్నదని ఆ తీర్పు సారం. తీర్పు వచ్చి తొమ్మిదేళ్ళయిన తర్వాత షాద్‌నగర్‌లో మళ్ళీ అదే నిర్ణయం జరిగిందంటే, తీర్పులు కాగితం మీదినుంచి మనుషుల మనసుల్లోకి దిగటానికి ఎంత కాలం పడుతుందో తెలుస్తున్నది.

బయటి దేశాల్లోనూ ఇదే గొడవ. అమెరికా ఇంకా ఇంగ్లీషువారి పాలనలో వున్న కాలంలో, 1770లో బోస్టన్ పట్టణంలో ఇంగ్లీషు సిపాయిలు జనం మీద కాల్పులు జరిపి అయిదుగురిని చంపారు. ఆ సిపాయిలకు వకీలు దొరకటం కష్టమైంది. ఇంగ్లీషు పాలనంటే గిట్టని జాన్ ఆడమ్స్ అనే వకీలే వారి కేసు తీసుకున్నాడు. ఊరివారు తిట్టుకున్నారు. ఎనిమిదిమంది సిపాయిల్లో ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు, ఇద్దరికి హత్యకంటె తక్కువ నేరం కింద శిక్షపడింది. తర్వాత అదే ఆడమ్స్‌ను ఆ దేశం అధ్యక్షుడుగా ఎన్నుకున్నది.

ఖాండ్వా కూలీ కథ

"శిక్ష ఎట్లాగూ పడుతుంది, వకీలు పేరుకు వుంటే చాలదా?" అనేవారూ వున్నారు. వారు మన పొరుగున మహారాష్ట్ర దాటితే వచ్చే మధ్యప్రదేశ్ సంగతి వినవలసి వున్నది.

2013లో ఖాండ్వా జిల్లాలో తొమ్మిదేళ్ళ బాలికపై అత్యాచారం, హత్య జరిగింది. ఊరంతా అట్టుడికిపోయింది. ఒక గిరిజన యువకుణ్ణి అరెస్టు చేశారు. అతనికి వకీలును పెట్టుకునే తాహతు లేదు. కోర్టు వారు ఒక వకీలును నియమించారు. నియమించిన రోజునే నేరారోపణలు కూడా ఖరారు చేశారు. ఆ వకీలు కేసు కాగితాలు చదివాడా, జైలుకు పోయి ముద్దాయితో మాట్లాడాడా అన్న ఊసే లేదు. రెండు వారాల్లో విచారణ ముగిసింది, ఉరిశిక్ష పడింది. ఎంత తొందరగా న్యాయం జరిగిందోనని అందరూ మెచ్చుకుని వుండవచ్చు.

2019 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, విచారణ మొదటినుంచి మళ్ళీ జరపమన్నది. ఉరి లేక యావజ్జీవ శిక్ష పడే అవకాశమున్న కేసుల్లో కోర్టు నియమించే వకీలుకు కనీసం పదేళ్ళ అనుభవం వుండాలని, తయారుకావటానికి సాధారణంగా కనీసం ఏడు రోజుల గడువు ఇవ్వాలని ఆదేశించింది. ఆ తీర్పు వచ్చిన తేదీ గమనించదగినది. ఆదిలాబాద్‌లో సమత కేసు చార్జిషీటు పడి అప్పటికి నాలుగు రోజులే.

ఖాండ్వా కేసు అక్కడితో ఆగలేదు. తిరిగి జరిగిన విచారణ అనంతరం 2024లో ఆ యువకుడు నిర్దోషి అని కోర్టు విడుదల చేసింది. పదకొండేళ్ళ వయసు జైల్లో కరిగిపోయింది. ఇక ఆ చిన్నబిడ్డ తల్లిదండ్రుల సంగతి? పదకొండేళ్ళ పాటు దోషి దొరికాడనుకున్నారు. ఇప్పుడు అతను కాదంటే ఎవరిని అడగాలి? సాక్ష్యాలు చల్లారిపోయాయి. మొదటి రోజునే గట్టి వకీలు నిలబడి, ఈ రక్తనమూనా సంగతేమిటి, ఈ సాక్షి చూసిందేమిటి అని నిలదీసి వుంటే పోలీసులు అసలువాణ్ణి వెతికేవారేమో.

దిశ కేసు సంగతీ చివరకు అటువంటి చిక్కులోనే పడింది. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో, పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా పేర్కొన్నది. ఆ నలుగురే నేరం చేశారో లేదో ఇక ఏ కోర్టూ తేల్చలేదు. ఆ తల్లిదండ్రుల చేతిలో తీర్పు కాగితమంటూ లేదు. సమత కుటుంబానికి ఆ కాగితం వున్నది. ఎవరూ వేయని వకాలత్‌ను కోర్టు మాటమీద ఒక వకీలు వేయబట్టే ఆ కాగితానికి విలువ వచ్చింది. వకీలు లేకుండా పడిన శిక్ష పై కోర్టులో నిలిచేది కాదు. ముద్దాయి పక్షాన వకీలు నిలబడితే బాధితులకు అన్యాయం అనుకునేవారు ఈ సంగతి ఒక్కసారి నిదానంగా ఆలోచించాలి.

ఉరికొయ్య దాకా

ఆదిలాబాద్ మట్టికి ఉరికొయ్యలు కొత్తకాదు. 1860లో రాంజీ గోండును, ఆయన వెంట తిరగబడిన వేయిమందిని నిర్మల్‌లో మర్రిచెట్టుకు ఉరివేశారని పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. వేయి ఉరుల మర్రి అన్న పేరు అట్లా వచ్చినదే. ఆ మర్రి కింద వకీలు లేడు, వాయిదా లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ఈ జిల్లాకే చెందిన ఇద్దరి విషయంలో వకీళ్ళు చివరి గడియ దాకా పోరాడిన ఉదంతం ఒకటి వున్నది. భూమయ్య, కిష్టాగౌడ్ నక్సలైటు ఉద్యమంలో పనిచేసిన రైతుకూలీలు. భూస్వామి హత్య కేసులో వారికి ఉరిశిక్ష పడింది. పై కోర్టులు ఖరారు చేశాయి. రాష్ట్రపతి క్షమాభిక్ష నిరాకరించారు. 1975 మే నెలలో ఉరికి రోజు కూడా నిర్ణయమైంది. మామూలుగానైతే వకీలు ఫైలు కట్టిపెట్టి చేతులు దులుపుకునే ఘట్టం అది. కన్నబిరాన్, పత్తిపాటి వెంకటేశ్వర్లు ప్రభృతులు అట్లా చేయలేదు. కోర్టులు మూసివున్న వేళ హైకోర్టు న్యాయమూర్తుల తలుపు తట్టి ఉరిని నిలుపు చేయించారు.

తర్వాత నెలన్నరకే ఎమర్జెన్సీ వచ్చింది. కేసు మళ్ళీ సుప్రీంకోర్టుకు పోయింది. ఫలితం దక్కలేదు. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఇద్దరినీ ఉరితీశారు. వకీళ్ళు ఓడిపోయారు. వారి రాజకీయాలతో ఏకీభవించని పెద్దమనుషులు సైతం ఆ ఉరి వద్దని విజ్ఞప్తులు చేశారు. హత్యను సమర్థించటం వేరు, హంతకుడని ముద్రపడిన మనిషి తరఫున చట్టంలో వున్న ఆఖరి మెట్టు దాకా నడవటం వేరు. ఈ రెంటినీ కలగాపులగం చేయటం వల్లనే వకీళ్ళ మీద సగం నిందలు పడుతున్నాయి.

నిందలు మాత్రమే పడితే ఫరవాలేదు. జగిత్యాలలో న్యాయవాది, పౌరహక్కుల సంఘం నాయకుడు గోపి రాజన్న 1985 ఫిబ్రవరిలో హత్యకు గురైనారు. 2021 ఫిబ్రవరి 17న పట్టపగలు పెద్దపల్లి జిల్లా కల్వచర్ల వద్ద నడిరోడ్డుపై న్యాయవాద దంపతులు గట్టు వామన్‌రావు, నాగమణిలను కారు ఆపి నరికి చంపారు. మంథని పోలీసుస్టేషన్‌లో 2020లో ఒక వ్యక్తి మరణించిన సంగతిని హైకోర్టు దృష్టికి తెచ్చింది నాగమణే. ఆ దంపతుల హత్య కేసును 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు సి.బి.ఐ.కి అప్పగించింది. ఒక మాట చెప్పుకోక తప్పదు. ఆ కేసులోని నిందితులకు సైతం కోర్టులో వకీలు నిలబడవలసిందే. తోటి వకీళ్ళకు అంతకంటె చేదుమాత్ర మరొకటి వుండదు.

అబద్ధాలు కట్టటానికి కాదు

ఇంతా చెప్పినా, వకీలు అంటే అబద్ధాల పుట్ట అన్న అనుమానం పల్లెల్లో పోదు. దానికి కారణాలూ లేకపోలేదు. సాక్షిని కోర్టు వరండాలోనే తారుమారు చేయటం, పేషీ పేషీకీ ఏదో సాకుతో వాయిదా కోరటం, ఎదుటి పక్షంతో లోపాయికారీగా మాట్లాడుకోవటం వంటి ఫిర్యాదులు వినబడుతూనే వుంటాయి. అవేవీ ముద్దాయి పక్షాన నిలబడే ధర్మంలోకి రావు. ఆ ముసుగులో చెల్లుబాటు కావు.

ముద్దాయి తన వకీలుకు నేరం ఒప్పుకున్నాడనుకుందాం. వకీలు ఆ మాట బయట చెప్పరాదు. డాక్టరు దగ్గర రోగం దాచినట్లే వకీలు దగ్గర నిజం దాస్తే కేసు నడవదు కనుక చట్టం ఆ గుట్టును కాపాడుతున్నది. అయితే ఇకముందు చేయబోయే నేరానికి సలహా అడిగితే ఆ రక్షణ లేదు. దొంగ సాక్షిని పుట్టించటానికి వీలులేదు. వకీలు చేయగలిగిందల్లా పోలీసుల సాక్ష్యం గట్టిదా కాదా అని గిచ్చి చూడటమే. కుండ కొనేవాడు వేలితో కొట్టి చూసినట్లు. గట్టి కుండకు దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు.

సర్కారు వకీలుకూ కట్టుబాటు వున్నది. ఎట్లాగైనా శిక్ష వేయించటం ఆయన పని కాదు. ముద్దాయి నిర్దోషి అని చూపగలిగే సాక్ష్యం చేతిలో వుంటే దాన్ని తొక్కిపెట్టరాదని బార్ కౌన్సిల్ నియమమే చెబుతున్నది. ఈ నియమం గురించి ఎంతమందికి తెలుసు?

పేదవాడికి వకీలు

మన జిల్లాల్లో అసలు సమస్య వకీళ్ళు కాదనటం కంటె, వకీలు దాకా పోలేకపోవటం. ఏజెన్సీ గూడేల్లోని గోండు, కొలాం కుటుంబాలకు కోర్టులో మాట్లాడే భాషే అంతుపట్టదు. కేసు కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చేవారు ఇప్పటికీ వున్నారు.

వకీలును పెట్టుకోలేనివారికి సర్కారు ఖర్చుతో వకీలును ఇవ్వాలని రాజ్యాంగంలో 39-ఎ అధికరణం 1976లో చేరింది. దానికోసం చేసిన న్యాయసేవల సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులో వున్నది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలవారు, నిర్బంధంలో వున్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పొందవచ్చు. అంటే ఆస్తి తగాదా వున్న ఆడబిడ్డకు, భర్త వదిలేసిన ఇల్లాలికి, పోడు కేసులో ఇరుక్కున్న గిరిజనుడికి కూడా ఈ సహాయం అందుతుంది. ముద్దాయిలకే అనుకోవటం పొరపాటు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు వుంటుంది. తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. ఫోన్ చేసేవారికి 15100 నెంబరు వున్నది.

ఫీజు ఇచ్చి పెట్టుకునే వకీలు విషయంలోనూ కొన్ని సంగతులు తెలిసి వుండటం మంచిది. రోడ్డు ప్రమాదాల కేసుల్లో, ప్రాజెక్టుల కింద భూములు పోయినవారి పరిహారం కేసుల్లో "గెలిస్తే వచ్చినదాంట్లో ఇంత వాటా" అన్న ఒప్పందాలు జరుగుతుంటాయి. అది చెల్లదు. భర్తను రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్న ఒక తెలంగాణ మహిళ కేసులో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. పరిహారంలో వాటా లెక్కన ఫీజు అడగటం వృత్తి ధర్మానికి విరుద్ధమని, అటువంటి ఫీజు కోసం రాయించుకున్న చెక్కు మీద ఆమెపై నడిచిన కేసును కొట్టివేసింది. అట్లాగే ఫీజు బాకీ వున్నదన్న నెపంతో వకీలు కక్షిదారు కాగితాలు పట్టి వుంచుకోరాదని 2000లోనే అదే కోర్టు తేల్చింది. కేసు మధ్యలో వదిలేయదలిస్తే తగిన కారణం వుండాలి, ముందుగా తెలియపరచాలి, చేయని పనికి తీసుకున్న ఫీజు వాపసు ఇవ్వాలి. ఇవి తప్పిన వకీలుపై రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. తప్పు రుజువైతే మందలింపు మొదలు సనదు రద్దు వరకు శిక్షలున్నాయి. ఫిర్యాదు చేసేటప్పుడు ఫీజు రసీదు, వకాలత్‌నామా నకలు చేతిలో వుంటే పని సులువవుతుంది. కనుక ఖాళీ కాగితం మీద సంతకం చేసే అలవాటును మాత్రం మానుకోవాలి, ఆ వకీలు సొంత మేనమామే అయినా సరే.